సెట్: రెండు మూలాలు, ఒక రూపం

ఇంగ్లీషులో మూడక్షరాల ‘సెట్’ నిఘంటుకర్తలకు చాలా పని పెట్టింది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు తొలి కూర్పులో ఈ క్రియ 154 ప్రధాన విభాగాలుగా విస్తరించింది. చివరిదైన ‘సెట్ అప్’ ఉపవిభాగాలను గుర్తించడానికి ఇంగ్లీషు అక్షరమాల చాలక, అక్షరాలను జంటలుగా మళ్లీ వాడవలసి వచ్చింది. 1989 నాటి రెండో కూర్పు క్రియకు సుమారు 430 అర్థాలు చూపింది.

ఈ విస్తృతికి ఒక కారణం క్రియ స్వభావంలోనే ఉంది. ప్రాచీన ఇంగ్లీషులో ‘సిట్టన్’ అంటే కూర్చోవడం, దాని ప్రేరణరూపమైన ‘సెట్టన్’ అంటే కూర్చోబెట్టడం. తెలుగులో దిగు–దించు, పెరుగు–పెంచు జంటల్లో ఉన్నది ఇలాంటి సంబంధమే. ఈ ధాతువుకు సంస్కృత బంధువు ‘సద్’. సదస్సు, పరిషత్తు, ఉపనిషత్తు పుట్టింది అందులోంచే.

దేన్నైనా దాని చోట కుదర్చడం అన్న భావం నుంచి అర్థాలు కొమ్మలు వేశాయి. ఉంగరంలో రాయి పొదిగినా, విరిగిన ఎముకను సరిచేసి కట్టినా, గడియారంలో సమయం సరిదిద్దినా, సిమెంటు గట్టిపడినా, పొద్దు కుంకినా ఇంగ్లీషుకు ‘సెట్’ చాలు. తెలుగు ప్రతి పనికీ వేరే క్రియ వాడుతుంది.

నామవాచకం సంగతి వేరు.

సమూహం అనే అర్థంలోని ‘సెట్’ ప్రాచీన ఫ్రెంచి ‘సెత్’ ద్వారా లాటిన్ ‘సెక్తా’ నుంచి వచ్చింది. ‘అనుసరించు’ అనే ధాతువు దాని మూలం. మతశాఖను సూచించే ‘సెక్ట్’ కూడా ఈ కుటుంబానిదే. అంటే మొదట ఇది ఒక మార్గాన్ని అనుసరించేవారి గుంపు. పాత ఇంగ్లీషు ప్రత్యయాలు అరిగిపోయి రెండు మాటలూ ఒకేలా ధ్వనించాక క్రియ నీడ నామం మీద పడింది. అనుచరుల గుంపు క్రమంగా ‘కలిపి అమర్చిన వస్తువుల సముదాయం’ అయింది. గేయార్గ్ కాంటర్ జర్మన్‌లో ‘మెంగె’ అన్న గణిత భావనకు ఇంగ్లీషులో స్థిరపడిన పేరు ఇదే. మన పాఠ్యపుస్తకాల్లో అది ‘సమితి’.

తెలుగు ఈ రెండు శాఖలనూ అరువు తెచ్చుకుంది. ‘టీ కప్పుల సెట్’ సముదాయం నుంచి వచ్చింది. ‘సినిమా సెట్’ నిలబెట్టడం నుంచి వచ్చింది. క్రియను మాత్రం తెలుగు తన వ్యాకరణంలోకి ఒదిగించుకుంది. ఇంగ్లీషు సిమెంటుకూ గడియారానికీ ఒకే రూపం వాడితే, తెలుగు ‘సెట్ అవు’, ‘సెట్ చేయు’ అని అకర్మక సకర్మకాలను విడదీసింది. పైగా ‘వాళ్లిద్దరికీ సెట్ కాదు’ అన్నప్పుడు పొసగకపోవడం అనే అర్థం వచ్చింది. ఇంగ్లీషు ‘సెట్’ను ఇలా వాడరు.

తెలుగు లిపిలో మూడో ‘సెట్’ కూడా ఉంది. ఒకప్పటి ఎంసెట్, ఇప్పటి ఐసెట్ వంటి పరీక్షల పేర్లలోది ‘కామన్ ఎంట్రన్స్ టెస్ట్’కు సంక్షిప్తరూపం. ఇంగ్లీషులో దాని మొదటి అక్షరం వేరు. తెలుగులో రాసేసరికి ఆ తేడా పోతుంది. కాబట్టి వాడుక భాషకు సమగ్ర నిఘంటువు కూర్చేవారు ‘సెట్’ను మూడు వేర్వేరు ప్రధాన పదాలుగా ఇవ్వాలి. మొదటిదాని కింద ‘పొసగు’ అన్న అర్థాన్ని తెలుగు సొంతంగా చేర్చిందని నమోదు చేయాలి.