సి విటమిన్ - వ్యాధి నివారణ

సి విటమిన్ నీటిలో కరిగే పోషక పదార్థము. దీని రసాయన నామము ఆస్కార్బిక్ ఆమ్లము. చాలా జంతువులు దీనిని తమ శరీరంలోనే తయారుచేసుకుంటాయి. మానవునికి ఆ శక్తి లేదు కనుక ఆహారం ద్వారానే పొందవలెను. ఇది లోపించినచో చిగుళ్ళ నుండి రక్తం కారుట, గాయాలు మానకపోవుట వంటి లక్షణాలతో స్కర్వీ వ్యాధి వస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పురుషులకు రోజుకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములు అవసరము. పొగ త్రాగేవారికి ఇంకా ఎక్కువ కావలెను.

మిరపకాయతో సంబంధము

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి నేలల్లో ప్రత్తితో పాటు మిరప ముఖ్యమైన వాణిజ్య పంట. సి విటమిన్ చరిత్రలోనూ మిరపకు స్థానమున్నది. హంగేరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్-జార్జీ 1930వ దశకంలో సెగెడ్ నగరంలో మిరప జాతికి చెందిన తాజా పాప్రికా కాయల నుండి ఈ విటమిన్‌ను పెద్ద మొత్తంలో వేరుచేశాడు. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

100 గ్రాముల పచ్చిమిర్చిలో సుమారు 100 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది. కాయలను కల్లాలలో ఎండబెట్టినపుడు గాలి, వేడిమి, వెలుతురు వలన అందులో చాలా భాగం నశిస్తుంది. మిర్చియార్డుకు చేరే ఎండుమిరపకాయల ఘాటుకు కారణం కాప్సైసిన్ అనే వేరొక పదార్థము. ఘాటు ఎక్కువైతే విటమిన్ ఎక్కువని కాదు. పండుమిరపకాయలతో చేసే కొరివి కారం ఎండబెట్టని కాయలదే అయినా, అన్నంలో కలుపుకొనేది కొద్దిగానే. కనుక కారంతో రోజువారీ అవసరం తీరదు.

స్థానిక ఆహారము

కార్తీక మాసంలో విరివిగా దొరికే ఉసిరికాయలో ఈ విటమిన్ అత్యధికము. జామకాయలో 100 గ్రాములకు సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే ఒక మధ్యరకం కాయ ఒక రోజుకు సరిపోతుంది. నిమ్మ, మునగాకు కూడా మంచి ఆధారాలు. ఎక్కువసేపు ఉడికించినా, ఉడికించిన నీటిని పారబోసినా విటమిన్ తగ్గుతుంది. పప్పు, ఆకుకూరలలోని ఇనుమును శరీరం గ్రహించుటకు సి విటమిన్ తోడ్పడుతుంది. అందువలన పప్పును దించిన తరువాత నిమ్మరసం పిండుకొనుట రక్తహీనత ఉన్న స్త్రీలకు మేలు.

మాత్రల ఉపయోగము

1970లో అమెరికా శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ పెద్ద మోతాదులో సి విటమిన్ తీసుకుంటే జలుబు రాదని ప్రచారం చేశాడు. అయితే 2013లో కోక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష ప్రకారం, రోజూ మాత్రలు వేసుకున్నా సాధారణ ప్రజలలో జలుబు వచ్చే అవకాశం తగ్గలేదు. జలుబు ఉండే కాలం మాత్రం పెద్దలలో 8 శాతం, పిల్లలలో 14 శాతం తగ్గింది. జలుబు మొదలైన తరువాత వేసుకున్నవారిలో స్థిరమైన ఫలితం కనబడలేదు. మారథాన్ పరుగు వీరులు, తీవ్రమైన చలిలో శిక్షణ పొందే సైనికులలో జలుబులు సుమారు సగానికి తగ్గాయి. దీనిని ఎండలో మిరపకాయలు కోసే కూలీలకు నేరుగా వర్తింపజేయలేము.

జాగ్రత్తలు

పెద్దలు రోజుకు 2000 మిల్లీగ్రాములు మించరాదు. మించినచో విరేచనాలు కావచ్చును. మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడే స్వభావం గలవారు వైద్యుని సలహా లేకుండా పెద్ద మోతాదు వాడరాదు. జ్వరం తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా ఉసిరిని, మాత్రలను నమ్ముకొని చికిత్సను ఆలస్యం చేయరాదు. సి విటమిన్ లోపాన్ని నివారిస్తుంది. అన్ని రోగాలకూ రక్షణ కాదు.