పందెం డాక్టర్‌ది, చెమట మెకానిక్‌ది

ఇవాళ 1903కి వెళ్దాం. మోటర్‌హోమ్‌లు ఇంకా రాని రోజులు. హొరేషియో నెల్సన్ జాక్సన్ అనే డాక్టర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో 50 డాలర్ల పందెం కాశాడు, న్యూయార్క్ దాకా కారులోనే వెళ్తానని. అప్పటికి ఆయనకి సొంత కారే లేదు! సెకండ్ హ్యాండ్ వింటన్ ఒకటి కొన్నాడు. రెండు సిలిండర్లు, 20 హార్స్‌పవర్. దాన్నిండా దుప్పట్లు, వంట సామాను, పార, గొడ్డలి, కప్పీలు, తాళ్లు.

కానీ నన్నడిగితే ఈ కథకి హీరో మెకానిక్ స్యూయల్ క్రాకర్. మే 23న బయల్దేరారు, కొంచెం దూరం వెళ్లారో లేదో టైరు పేలింది. ఒరెగాన్‌లో పెట్రోల్ అయిపోయింది. బంకులెక్కడివి? క్రాకర్ సైకిల్ అద్దెకి తీసుకుని దాదాపు 40 కిలోమీటర్లు తొక్కాడు. ఆ సైకిల్‌కీ పంక్చరే! ఇంకోచోట చక్రం బేరింగులు పోతే, ఒక రైతుని బతిమాలి ఆయన గడ్డి కోసే మెషీన్‌లోవి ఊడదీసి బిగించాడు. అదీ బుర్రంటే. వ్యోమింగ్‌లో కనెక్టింగ్ రాడ్ విరిగినప్పుడు మాత్రం ఏ జుగాడూ పనిచెయ్యలేదు. కంపెనీ నుంచి రైల్లో పార్టులు వచ్చేదాకా రోజులకి రోజులు ఆగాల్సిందే.

మొత్తానికి 63 రోజులకి, జులై 26న న్యూయార్క్ చేరారు. పందెం డబ్బులు జాక్సన్ వసూలు చేసుకోనేలేదు. కారు ఇప్పుడు స్మిత్‌సోనియన్ వాళ్ల మ్యూజియంలో ఉంది. నెట్‌లో వెతికితే ముందు కనిపించేది డాక్టర్, తర్వాత దారిలో ఎక్కించుకున్న బడ్ అనే కుక్క, గాగుల్స్‌తో సహా. క్రాకర్ పదేళ్లకే, 1913లో చనిపోయాడు.