నొప్పిమందు సీసాలో కొండపొద

కోఠిలో మందుల షాపు మెట్టెక్కి, "నడుం నొప్పికి ఏదన్నా బామ్ ఇవ్వండి" అని అడగని ఇల్లాలు ఉండదేమో! మూత తియ్యగానే ఘాటుగా, కాస్త తియ్యగా ముక్కుకు తగిలే వాసన ఒకటుంది చూడండి, దాని చరిత్ర చాలా దూరాన, కెనడాలో మొదలయింది.

సీసా మీది సన్న అక్షరాలు ఓపిగ్గా చదివితే చాలా బామ్‌లలో 'గంధపుర తైలం' అనో, 'వింటర్‌గ్రీన్ నూనె' అనో కనిపిస్తుంది. గాల్థీరియా అనే పొద ఆకుల్లోంచి తీసే నూనె అది. చిన్న చిన్న తెల్లని గంటల్లాంటి పూలు పూసే ఈ పొద హీత్ కుటుంబానిది. ఈ కుటుంబానికి చల్లగాలీ, ఆమ్లగుణం గల నేలా కావాలి. మన హైదరాబాదు ఎండలు పడవు. దక్షిణాదిలో నీలగిరి కొండల మీద మాత్రం గాల్థీరియా జాతి ఒకటి పెరుగుతుంది.

1749లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు పేర్ కాల్మ్ క్యూబెక్ వెళ్ళినప్పుడు, అక్కడి వైద్యుడు గోల్తియే వెంట ఉండి మొక్కలు చూపించాడు. ఆ కృతజ్ఞతతో ఈ పొదకు ఆయన పేరు పెట్టారు. కాల్మ్‌గారికీ లోటు జరగలేదు. ఆయన గురువు లినేయస్ అదే కుటుంబంలో మరో రకం పొదలకు 'కాల్మియా' అని పేరు పెట్టాడు. అన్నీ కలిపి పది జాతులకు మించని చిన్న సంసారం. పూలు ముచ్చటగా ఉంటాయి గానీ, ఆకు మేస్తే గొర్రెలకు విషం.

అలా ఇద్దరి పేర్లూ పుస్తకాలకెక్కాయి. గాల్థీరియా ఆకు కాచి తాగితే నొప్పులు తగ్గుతాయని వాళ్ళకంటే ఎంతో ముందే తెలిసిన అక్కడి ఆదివాసుల పేరు మాత్రం ఆ మొక్కకు దక్కలేదు. మన ఇళ్ళల్లో అంతే కదూ! వాము కషాయం ఎవరు కనిపెట్టారంటే ఏ అమ్మమ్మ పేరు చెబుతాం?

1840లలో ఫ్రెంచి రసాయనజ్ఞుడు కాహూర్ ఈ నూనెలో ఉన్నది మిథైల్ శాలిసిలేట్ అని తేల్చాడు. ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. తర్వాత దాన్ని ఫ్యాక్టరీలో చెయ్యడం వచ్చింది. ఇప్పుడు చాలా సీసాల్లో ఉండేది అలా చేసిందే. వాసన మాత్రం ఆ పొదదే.

ఆ తియ్యని వాసనతోనే జాగ్రత్తగా ఉండాలి. అచ్చమైన ఈ నూనె ఒక్క టీ చెంచాడు 20కి పైగా ఆస్పిరిన్ బిళ్ళలతో సమానం. పసివాళ్ళు మింగితే ప్రాణానికే ముప్పు. రాసుకోవడం అయ్యాక సీసా మంచం పక్కన వదిలెయ్యకండి. పిల్లల చెయ్యి అందని పై అరే దానికి తగిన చోటు.