సైకిల్ పవర్ మీటర్లు: కొలతల్లో తేడాలు

సైకిల్ తొక్కేవారు వెచ్చించే శక్తిని వాట్లలో చూపే పరికరం పవర్ మీటర్. ఒకే సైకిల్‌కు రెండు రకాల మీటర్లు బిగిస్తే రెండూ ఒకే అంకె చూపడం అరుదు. ఈ తేడాకు పరికరం లోపం కొంతవరకే కారణం. అవి కొలిచే చోట్లు వేరు కావడమే అసలు కారణం. మయన్మార్ (బర్మా) నగరం యాంగోన్‌లో దీనికి ఎండ, వాన కూడా తోడవుతాయి.

ఏ మీటరూ వాట్లను నేరుగా కొలవదు. తొక్కినప్పుడు లోహం ఎంత వంగిందో స్ట్రెయిన్ గేజ్ పట్టుకుంటుంది. దాన్నిబట్టి టార్క్ ఎంతో తేల్చి, తిరిగే వేగంతో గుణిస్తారు. నిమిషానికి 90 చుట్లు తొక్కుతూ 250 వాట్లు రావాలంటే క్రాంక్ మీద సగటున 26.5 న్యూటన్ మీటర్ల టార్క్ పడాలి. ఈ పద్ధతిని 1986లో జర్మనీ ఇంజనీరు ఉల్రిచ్ షోబరర్ ఎస్ఆర్ఎం మీటరుతో మొదలుపెట్టాడు. గేజ్‌లను అతను క్రాంక్, చెయిన్‌రింగ్ కలిసే చోట అమర్చాడు. తర్వాత వచ్చిన కంపెనీలు వాటిని వెనుక హబ్‌లోకి, ఎడమ క్రాంక్ మీదికి, పెడల్ ఇరుసులోకి మార్చాయి. పోలికల తగాదా కూడా అప్పుడే మొదలైంది.

చోటును బట్టి తేడా

పెడల్ దగ్గర పుట్టిన శక్తి మొత్తం వెనుక చక్రానికి చేరదు. చెయిన్, గేర్ల రాపిడిలో 2 నుంచి 4 శాతం పోతుంది. పెడల్ మీటర్ 250 చూపుతుంటే హబ్ మీటర్, ఇంట్లో వాడే ట్రైనర్ 240 నుంచి 245 మధ్య చూపడం సహజం. రెండూ నిజమే చెబుతున్నాయి. హబ్ అంకె పెడల్ అంకెను మించితేనే అనుమానించాలి.

ఎడమ క్రాంక్ మీటర్ సంగతి వేరు. అది ఎడమ కాలి బలాన్ని కొలిచి రెట్టింపు చేస్తుంది. 250 వాట్లలో ఎడమ కాలి వాటా 48 శాతమైతే 240 అని, 52 శాతమైతే 260 అని చూపుతుంది. అలసట పెరిగేకొద్దీ ఈ వాటా మారవచ్చు కాబట్టి ఒక స్థిరమైన అంకె కలిపి సరిదిద్దుకోవడం కుదరదు. చవకగా దొరుకుతుంది కనుక కొనేవారు ఎక్కువే. కానీ ఇతర మీటర్లతో పోల్చడానికి ఇది అక్కరకు రాదు.

పెడల్ మీటర్‌కు క్రాంక్ పొడవు మనమే చెప్పాలి. 172.5 మిల్లీమీటర్ల క్రాంక్ ఉంటే 170 అని నమోదు చేస్తే ప్రతి అంకె దాదాపు ఒకటిన్నర శాతం తగ్గుతుంది. అండాకారపు చెయిన్‌రింగ్ ఉన్న సైకిల్‌పై, చుట్టుకు ఒక్కసారే వేగం లెక్కించే మీటర్లు కాస్త ఎక్కువ చూపుతాయి.

2017లో అచ్చయిన ఒక అధ్యయనం 9 కంపెనీల 54 మీటర్లను ట్రెడ్‌మిల్‌పై గణిత నమూనాతో సరిపోల్చింది. సగటున అవి 0.9 శాతం తక్కువ చూపాయి. ఒక మీటరుకూ మరో మీటరుకూ మధ్య చెదురు మాత్రం 3.2 శాతం. పెట్టె మీద అచ్చువేసే ఖచ్చితత్వాన్ని కొంచెం తగ్గించుకుని చదవడం మంచిది.

యాంగోన్ పరిస్థితులు

ఏప్రిల్‌లో యాంగోన్ పగటి వేడి 37 డిగ్రీల దాకా పోతుంది. ఏసీ గదిలో ఉంచిన సైకిల్‌ను బయటికి తెచ్చి వెంటనే సున్నా సరిచేస్తే, క్రాంక్ వేడెక్కేకొద్దీ ఆ సున్నా జరిగిపోతుంది. మంచి మీటర్లలో ఉష్ణోగ్రతను బట్టి సరిదిద్దే ఏర్పాటు ఉన్నా, పావుగంట బయట ఉంచాకే సున్నా చేయడం మేలు. మే నుంచి అక్టోబర్ దాకా వానలు. ఏడాదికి సుమారు 2,700 మిల్లీమీటర్లు కురుస్తుంది. బ్యాటరీ మూత బిగువు సడలితే లోపలికి తేమ చేరి అంకెలు తెగిపోతుంటాయి. దీన్ని మీటర్ల మధ్య తేడాగా పొరబడేవారుంటారు.

నేల చదును కావడం మరో చిక్కు. మీటర్ లేకుండా వేగం, ఎత్తులను బట్టి వాట్లు అంచనా కట్టే యాప్‌లు కొండదారిలో ఓ మాదిరిగా పనిచేస్తాయి. డెల్టా రోడ్ల మీద శక్తిలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. ఎదురుగాలినీ, ముందున్న బండి చాటునూ ఆ యాప్‌లు చూడలేవు. ఇక ఊళ్లో సిగ్నళ్ల దగ్గర ఆగినప్పుడు వచ్చే సున్నాలను ఒక కంప్యూటర్ సగటులో కలుపుతుంది, మరొకటి వదిలేస్తుంది. అక్కడ తప్పు మీటరుది కాదు, సెట్టింగుది.

తూకంతో పరీక్ష

క్రాంక్‌ను నేలకు సమాంతరంగా నిలిపి, తెలిసిన బరువును పెడల్ ఇరుసుకు వేలాడదీసి టార్క్ చూడడం పాత పద్ధతే. ఆ సదుపాయం ఉన్న మీటర్లకు ఇంతకంటే నమ్మకమైన పరీక్ష ఇంట్లో దొరకదు. యాంగోన్ బజారులో మాత్రం జాగ్రత్త అవసరం. అక్కడ నేటికీ వాడే వీశె 1.63 కిలోలు. రంగం (యాంగోన్) వలస వెళ్లిన మన కోస్తా వాళ్లు ఇంటి దగ్గర తూచిన మద్రాసు వీశె 1.4 కిలోలే. పది బర్మా వీశెలు 172.5 మిల్లీమీటర్ల క్రాంక్‌పై 27.6 న్యూటన్ మీటర్ల టార్క్ ఇవ్వాలి. మద్రాసు లెక్క వేస్తే 23.7 దగ్గరే ఆగుతుంది. బరువును కిలోల్లో తూచుకున్నాకే మీటరును తప్పుపట్టాలి.

శిక్షణకు కావలసింది ప్రపంచమంతా ఒప్పుకునే వాట్లు కాదు, నేటి 250 రేపటి 250తో సరిపోవడం. ఇంట్లో ట్రైనర్, రోడ్డు మీద పెడల్ మీటర్ వాడేవారు రెంటినీ ఒకేసారి నడిపి తేడా రాసిపెట్టుకోవాలి. లేదా ట్రైనర్‌ను పెడల్ మీటర్ అంకెలతోనే నడపాలి. గంటసేపు నిలపగల శక్తిని తేల్చే పరీక్షను ఏ మీటరుతో చేశారో, ఆ శిక్షణంతా ఆ మీటరుతోనే సాగించండి.