విజయనగర మహర్నవమి: మల్లయుద్ధాలు, కొలువు వేడుకలు

విజయనగర రాజధానిలో, అంటే నేటి కర్ణాటకలోని హంపిలో, ఏటా తొమ్మిది రోజులు సాగిన మహర్నవమికి మల్లయుద్ధాలు, నర్తకుల ఆటపాటలు, ఏనుగులు గుర్రాల ఊరేగింపులు, బాణసంచా పేరు తెచ్చాయి. వీటిని రాజుల కాలక్షేపంగా తీసిపారేయడం మామూలైపోయింది. సాక్ష్యాలు మాత్రం మరో మాట చెబుతున్నాయి. సొంత సైన్యాలున్న అమరనాయకులను ఏడాదికోసారి రప్పించి, ఎవరు ఎక్కడ నిలబడాలో విజయనగర ప్రభువైన రాయలు తేల్చిచెప్పిన చోటు ఇది. 1520 ప్రాంతంలో కృష్ణదేవరాయల కొలువు చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాతల్లో చాలామంది దాటిపోయే వివరం ఒకటుంది. ఎంతటి నాయకుడైనా రాయల ఆజ్ఞ లేనిదే కూర్చోకూడదు. మల్లులు మాత్రం బరిలో నేలమీద కూర్చుని, ఆయన ఎదుటే తాంబూలం వేసుకునేవారు. నర్తకులకు తప్ప మరెవరికీ ఆ చనువు లేదు. రాయలు కూడా రోజూ తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒంటికి పట్టించుకుని, బరువులెత్తి, కత్తి తిప్పి, తన మల్లుల్లో ఒకరితో కుస్తీ పట్టేవారని పేస్ రాశాడు. బరిలో దిగినవాడికి దక్కిన ఆ మర్యాదను ఈ అలవాటుతో కలిపి చూడాలి.

కుస్తీ కూడా ఉత్తుత్తిది కాదు. పళ్లు రాలేవి, కళ్లు పోయేవి, మాట పడిపోయినవాళ్లను తోటివారు మోసుకుపోయేవారు. అయినా జోడీలు సమంగా కుదిర్చి, గెలుపు తేల్చడానికి పెద్దలుండేవారు. అచ్యుతరాయల కాలంలో వచ్చిన గుర్రాల వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్, మల్లులు చేతుల్లో మొనలున్న కడియాలతో కొట్టుకునేవారని, ఎక్కువ గాయపడినవాడు పట్టుబట్ట అందుకునేవాడని చెప్పాడు. గాయపడినవాడికి బహుమానమా అనిపించవచ్చు. నా దృష్టిలో అసలు కీలకం అక్కడే ఉంది: కొలువు మెచ్చింది గెలుపు ఒక్కదాన్నే కాదు, ప్రభువు ఎదుట నెత్తురు చిందించడానికి వెనుదీయని తెగువను కూడా. ఆ తెగువను నాయకుల నుంచీ రాయలు కోరుకున్నారు.

మహర్నవమి దేవీపూజే తప్ప రాజకీయం కాదనే వాదన బలమైనదే. చివరి రోజున 250 దున్నలను, 4,500 గొర్రెలను బలి ఇచ్చారని పేస్ లెక్క. కానీ నాయకులు కప్పం చెల్లించింది కూడా ఆ తొమ్మిది రోజుల్లోనే అంటాడు నూనిజ్. పండుగ ముగియగానే రాయలు మొత్తం సైన్యాన్ని తనిఖీ చేసేవారు. భక్తి, అధికారం ఒకే వేదిక ఎక్కాయి. విదేశీయులు గొప్పలు రాశారన్న అనుమానమూ ఉంది, అంకెల విషయంలో అది న్యాయమే. వేడుకల తీరుకు మాత్రం హంపిలోని రాతి వేదిక మహర్నవమి దిబ్బ రాళ్లపై చెక్కిన మల్లులు, నర్తకులు, ఏనుగులు సాక్ష్యం. పైగా 1443లో వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ కూడా ఏనుగుల విన్యాసాలను, ఆటపాటలను వర్ణించాడు.

ఈ పండుగ వట్టి వినోదమే అయితే 1565లో ధ్వంసమైన రాజధానితోపాటే అంతరించి ఉండేది. 1610లో శ్రీరంగపట్టణం చేజిక్కించుకున్న మైసూరు పాలకుడు రాజ ఒడయారు మొదట చేసిన పనుల్లో నవరాత్రి జరపడం ఒకటి. మైసూరు ప్యాలెస్‌లో నేటికీ విజయదశమి నాడు జెట్టీలు అనే మల్లులు చేతికి తొడుక్కునే మొనల ఆయుధమైన వజ్రముష్టితో తలపడతారు, మొదటి నెత్తురుచుక్క కనబడగానే పోటీ ఆపేస్తారు.