మోటారు సైకిలుకు నీడ: ఇంటి పంచ నుండి ఉమ్మడి వాహనశాల వరకు

వాహనమును నడుపుట ఎంత ముఖ్యమో, దానిని నిలుపుట కూడ అంత ముఖ్యమే. సామాన్యముగా ఒక మోటారు సైకిలు దినమునకు ఒకటి రెండు గంటలు మాత్రమే నడచును. తక్కిన కాలమంతయు అది ఎక్కడనో ఒకచోట నిలిచియే యుండును. నేడు పట్టణములలో అనేక కుటుంబములు ఒకే భవనమున నివసించుచు, తమ బండ్లనన్నిటిని ఒకే కప్పు క్రింద నిలుపుకొనుచున్నవి. ఈ ఉమ్మడి వాహనశాల ఎట్లు ఏర్పడినది? అందలి స్థలము ఎవరిది? అందు నిలిపిన బండివలన కీడు కలుగకుండ చూచు బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నలకు సమాధానము చరిత్రయందు కొంత, విజ్ఞానశాస్త్రమునందు కొంత లభించును.

ఎండ దేశమున నీడ విలువ

అనంతపురము సీమ దక్కను పీఠభూమిపై నున్నది. ఇచ్చట సాలునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెంటిగ్రేడును దాటుట సామాన్యము. కోస్తా జిల్లాలలో బండిని కప్పు క్రింద నిలుపుట ముఖ్యముగా వానకు తడిసి తుప్పు పట్టకుండుటకు. అనంతపురములోనో, ఎండనుండి కాపాడుటకు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు టైర్ల రబ్బరును, సీటు తొడుగును క్రమముగా పెళుసుబారజేయును. ఎండలో నిలిచిన లోహపు టాంకు చుట్టునున్న గాలికంటె ఎక్కువ వేడెక్కును.

పెట్రోలు ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగినచో దాని ఘనపరిమాణము సుమారు వెయ్యింట ఒక వంతు పెరుగును. కావున 12 లీటర్ల పెట్రోలు 25 డిగ్రీల నుండి 45 డిగ్రీలకు వేడెక్కినచో సుమారు 240 మిల్లీలీటర్లు అధికమగును. అనగా ఒక పెద్ద గ్లాసెడు. టాంకును అంచువరకు నింపరాదనుటకు ఇదియే కారణము. నీడ అనునది బండికి అలంకారము కాదు, అవసరము.

పూర్వము ఈ సీమలోని పల్లెలలో చౌడుమన్ను పరచిన మట్టి మిద్దెలు ఉండెడివి. ఇంటిలోనే ఒక భాగము పశువులకు విడుచుట పరిపాటి. ఎద్దులు యజమాని కప్పు క్రిందనే, అతని కంటి ముందే యుండెడివి. తరువాతి కాలమున వచ్చిన సైకిలు, మోటారు సైకిలు కూడ ఆ ఇంటి పంచలోనే చోటు సంపాదించుకొన్నవి. స్థలము యజమానిదే, బండి యజమానిదే, జాగ్రత్తయు యజమానిదే. వాహన రక్షణ చరిత్రలో ఇది మొదటి దశ.

తోట ఇంటిలో పుట్టిన బండి

మోటారు సైకిలు పుట్టినది కూడ ఒక ఇంటి ఆవరణలోనే. జర్మనీ దేశమున కాన్‌స్టాట్ అను పట్టణములో గాట్లీబ్ డెయిమ్లర్ తన ఇంటి తోటలోని గాజు గదిని కార్ఖానాగా మార్చుకొని, విల్‌హెల్మ్ మేబాక్ అను సహచరునితో కలిసి రహస్యముగా పని చేసెను. లోపల దొంగ నాణెములు తయారగుచున్నవేమోయని తోటమాలి అనుమానించి పోలీసులకు తెలుపగా, వారు వచ్చి చూచి యంత్రములు తప్ప మరేమియు కానక మరలి పోయిరని చెప్పుదురు. 1885లో వారిరువురు కొయ్య చట్రముపై 264 ఘన సెంటీమీటర్ల ఇంజనును అమర్చి మొదటి పెట్రోలు మోటారు సైకిలును నిర్మించిరి. దాని శక్తి అర్ధ అశ్వశక్తి మాత్రమే.

ఆ ఏటి నవంబరు మాసమున డెయిమ్లర్ కుమారుడు ఈ బండినెక్కి సమీప గ్రామమునకు పోయెను. ఇంధనమును మండించుటకై ఎర్రగా కాల్చిన గొట్టము సరిగా సీటు క్రిందనే యుండుటచే, ఆ ప్రయాణములో సీటుకు నిప్పంటుకొనెను. అసలు బండి తుదకు 1903లో కాన్‌స్టాట్ కర్మాగారమున చెలరేగిన అగ్నిప్రమాదములో దగ్ధమయ్యెను. నేడు ప్రదర్శనశాలలలో కనిపించునవి దాని ప్రతిరూపములే. ఈ విధముగా మోటారు సైకిలు చరిత్రలోని మొదటి పుటయందే రెండు పాఠములున్నవి: నడచునపుడు నిప్పు ఒక ప్రమాదము, నిలిచియున్నపుడును నిప్పు ఒక ప్రమాదము.

టోకెను ఇచ్చు స్టాండు

స్వాతంత్ర్యానంతరము మన దేశములోనే మోటారు సైకిళ్ల నిర్మాణము ఆరంభమయ్యెను. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ ఏర్పడి బుల్లెట్టు బండ్లను తయారు చేసెను. 1960వ దశకపు తొలినాళ్లలో మైసూరునుండి జావా బండ్లు వెలువడినవి. మద్రాసు, మైసూరు రెండును అనంతపురమునకు దూరము కావు. ఐనను ఆ కాలమున మోటారు సైకిలు కొలదిమందికే అందుబాటులో నుండెను. సామాన్యుల వాహనము సైకిలే.

సైకిలునెక్కి పట్టణమునకు వచ్చినవాడు దానిని రైల్వే స్టేషనువద్దనో, సినిమాహాలువద్దనో స్టాండులో విడిచి టోకెను తీసికొనెడివాడు. ఇది రెండవ దశ. ఇచ్చట స్థలము పరులది, పక్క బండ్లు పరులవి. కాని కాపలాదారుడు ఒకడున్నాడు. ఇతరుల సొత్తును భద్రపరచుటకు స్వీకరించినవాడు, వివేకము గల సామాన్య మనుష్యుడు అటువంటి తన సొత్తునెడల చూపు జాగ్రత్తను దానియెడలను చూపవలెనని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము నిర్దేశించుచున్నది. చేతికి వచ్చిన చిన్న టోకెను ఆ బాధ్యతకు గుర్తు. 2019లో తాజ్ మహల్ హోటలు కేసులో సుప్రీం కోర్టు ఇదే సూత్రమును అనుసరించి, అతిథి వాహనమును తాళముతో సహా స్వీకరించిన హోటలు, దాని నిర్లక్ష్యముచే వాహనము పోయినచో బాధ్యత వహింపవలసినదేయని తీర్పు చెప్పెను.

స్తంభములపై లేచిన ఇండ్లు

1985లో హీరో హోండా సంస్థ 100 ఘన సెంటీమీటర్ల నాలుగు స్ట్రోకుల బండిని విడుదల చేసిన తరువాత, తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరము పోవు మోటారు సైకిలు ఉద్యోగి ఇంటికి, రైతు ఇంటికి చేరెను. 2011 జనాభా లెక్కల నాటికి దేశములో నూటికి 21 కుటుంబములకు ద్విచక్ర మోటారు వాహనమున్నది. అదే సంవత్సరమున అనంతపురము నగర జనాభా 2 లక్షల 60 వేలకు పైబడినది. జనము పెరిగి స్థలము కరవగుటచే ఇండ్లు పైకి లేచినవి, బండ్లు వాటి క్రింద చేరినవి.

భవనమును స్తంభములపై నెత్తి క్రింది భాగమును ఖాళీగా విడుచు పద్ధతిని 1920వ దశకమున లె కార్బూజియే అను వాస్తుశిల్పి ఐరోపాలో ప్రచారము చేసెను. పారిస్ సమీపమున పాయిసీలో ఆయన నిర్మించిన సవాయ్ గృహములో క్రింది అంతస్తు వంపు, మోటారు కారు తిరుగుటకు కావలసిన వ్యాసార్ధమును బట్టియే నిర్ణయింపబడెను. ఇట్టి భవనములకు ఒక బలహీనత కలదు. పై అంతస్తులలో గోడలుండి క్రింద స్తంభములు మాత్రమే యున్నచో, భూకంప సమయమున కదలిక అంతయు క్రింది అంతస్తులోనే కేంద్రీకృతమగును. 2001 జనవరి 26న కచ్ భూకంపము వచ్చినపుడు అహమ్మదాబాదులో ఇట్టి భవనములు అనేకము కూలినవి. వాహనశాలలోని స్తంభమును చెక్కుట, బండికి చోటు కావలెనని దానిని సన్నము చేయుట ఎంత అపాయకరమో దీనివలన తెలియును.

స్థలము ఎవరిది?

ఉమ్మడి భవనముల విషయమై 1987లో ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టము వచ్చెను. ఇల్లు ఎవరిది వారిదైనను, మెట్లు, నడవలు, వాహనములు నిలుపు చోటు మొదలగువానియందు అందరికిని విభజింపరాని వాటా గలదను భావము దీనికి మూలము. 2010 ఆగస్టు 31న సుప్రీం కోర్టు బొంబాయికి చెందిన ఒక కేసులో, మహారాష్ట్ర చట్టమును వ్యాఖ్యానించుచు, స్తంభముల నడుమనున్న ఖాళీ స్థలము గారేజి కానేరదనియు, నిర్మాత దానిని విడిగా అమ్ముకొనరాదనియు తీర్పు చెప్పెను. 2016 నాటి స్థిరాస్తి చట్టము గారేజికి నిర్వచనమిచ్చినది: పైకప్పు, మూడు వైపుల గోడలు ఉండవలెను. ఆరుబయలు వాహన స్థలములను ఆ చట్టము ఉమ్మడి స్థలములలోనే చేర్చినది.

హక్కు అందరిదైనను, చోటు అందరికిని సమముగా చిక్కదు. ఒక కారుకు 5 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు గల చోటు కావలెను. అనగా 12.5 చదరపు మీటర్లు. మోటారు సైకిలు 2 మీటర్ల పొడవు, ముప్పాతిక మీటరు వెడల్పు మాత్రమే ఉండును. అది ఆక్రమించునది 1.5 చదరపు మీటర్లు. ఇంత చిన్నదగుటచే దానికి సంఖ్య వేసిన చోటు సామాన్యముగా కేటాయింపరు. అది మెట్ల క్రిందనో, కరెంటు మీటర్ల ప్రక్కనో, నీటి తొట్టి మూతపైననో చేరును. విజ్ఞానశాస్త్ర దృష్టితో చూచినచో, సరిగా ఈ మూడును బండిని నిలుపకూడని చోట్లు.

కంటికి కనబడని ఆవిరి

పెట్రోలు సున్నకు దిగువ 40 డిగ్రీలవద్ద కూడ నిప్పు తగిలిన మండగల ఆవిరిని విడుచును. ఈ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. కావున పైకి పోక నేలవెంట ప్రాకి, పల్లములలో నిలుచును. గాలిలో నూటికి 1.4 పాళ్లు మొదలు 7.6 పాళ్ల వరకు ఆవిరి కలిసినపుడు ఆ మిశ్రమము మండును.

విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. ఒక లీటరు పెట్రోలు ద్రవ్యరాశి సుమారు 740 గ్రాములు. దాని సగటు అణుభారము 100 అనుకొన్నచో అది 7.4 మోలులు. గది ఉష్ణోగ్రతవద్ద దాని ఆవిరి సుమారు 180 లీటర్లగును. ఇది గాలిలో నూటికి 1.4 పాళ్లుగా వ్యాపించినచో దాదాపు 13 ఘన మీటర్ల మండు మిశ్రమము ఏర్పడును. అది ఒక చిన్న గది ఘనపరిమాణము. గొట్టము పగిలి కారిన ఒక లీటరులో ఇంత శక్తి దాగియున్నది.

ఇక ఆ మూడు చోట్లను పరిశీలింతము. మీటర్ల పెట్టెలో స్విచ్చి వేసినపుడు, తీగ వదులైనపుడు నిప్పురవ్వ పుట్టవచ్చును. నీటి తొట్టి పల్లమున నుండుటచే బరువైన ఆవిరి అందులోనికే దిగును, కారిన పెట్రోలు నీటిలో కలియును. వేసవిలో ట్యాంకరు నీటిని కొనుక్కొను ఊరిలో ఒక తొట్టి నీరు చెడుట చిన్న నష్టము కాదు. మెట్ల క్రింది బండికి నిప్పంటినచో, పైనున్నవారు బయటపడుటకు ఉన్న దారియే పొగగొట్టమగును.

పొగయే కాదు, ఊరక నడచుచున్న ఇంజనుకూడ అపాయకరమే. అందుండి వచ్చు కార్బన్ మొనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హెమోగ్లోబిన్‌తో అది ఆమ్లజనికంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా కూడును. 2020 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చిన భారత్ స్టేజి 6 ప్రమాణముల వలన ఈ వాయువు ఎంతో తగ్గినను, గాలి ఆడని నేలమాళిగలో ఇంజనును నడుపుచు నిలుచుట తగదు.

సికిందరాబాదు నేర్పిన పాఠము

పెట్రోలు లేని విద్యుత్ బండికి ఈ భయము లేదని కొందరు తలంతురు. 2022 సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికిందరాబాదులో జరిగిన దుర్ఘటన ఆ తలంపును సవరించెను. ఒక హోటలు భవనము క్రింది భాగమున విద్యుత్ ద్విచక్ర వాహనముల విక్రయశాల యుండెను. అచ్చట రేగిన మంటల పొగ మెట్లదారిగుండా పై అంతస్తులకు ఎగబ్రాకెను. బసచేసినవారిలో కొందరు కిటికీలనుండి దూకిరి. ఎనిమిదిమంది మరణించిరి.

లిథియమ్ బ్యాటరీలోని ఒక ఘటము దెబ్బతిని వేడెక్కినచో, ఆ వేడిచే అందలి రసాయన చర్యలు మరింత వేగమగును. వేగము వేడిని పెంచును, వేడి వేగమును పెంచును. ఒక ఘటమునుండి పక్క ఘటమునకు ఇది ప్రాకును. మండు వాయువులు లోపలనే పుట్టుచుండుటచే పైపై మంటను ఆర్పినంత మాత్రమున చాలదు. విస్తారముగా నీరు పోసి బ్యాటరీని చల్లార్చవలెను. 2022లో దేశములో పలుచోట్ల విద్యుత్ బండ్లు కాలిన తరువాత, కేంద్రప్రభుత్వము బ్యాటరీల పరీక్షా నియమములను కఠినతరము చేసి, ఆ ఏటి డిసెంబరు నుండి, తరువాత 2023 మార్చి చివరనుండి, రెండు దశలలో అమలుపరచెను. బ్యాటరీని మెట్లదారికి దూరముగా, గాలి వెలుతురు గల చోట, తగిన చార్జరుతోనే నింపుట క్షేమకరము.

ఇంటి పంచలో యజమాని యుండెను. స్టాండులో టోకెను ఇచ్చు కాపలాదారుడుండెను. ఉమ్మడి వాహనశాలయందు ఈ ఇరువురును లేరు. ఇది మూడవ దశ. ఇచ్చట ఎవరి బండికి వారే యజమానులు, కాని ఆ కప్పు క్రింది గాలి అందరిది. ఒక బండినుండి కారిన పెట్రోలు పది ఇండ్లవారి గాలిలో కలియును. ఒక బండి అడ్డము నిలిచిన మెట్లదారి పది ఇండ్లవారికి మూతపడును. అందువలన నివాసుల సంఘము మొదట చేయవలసిన పని, కార్లకు సంఖ్యలు వేయుటకంటె ముందు మోటారు సైకిళ్లకు మెట్లకు, మీటర్లకు, నీటి తొట్టికి దూరముగా ఒక వరుస గీయుట. దానికి కావలసినది ఒక డబ్బా రంగు, ఒక సాయంకాలపు సమావేశము. చట్టము ఆ స్థలమును ఉమ్మడి సొత్తని చెప్పినది. అందలి జాగ్రత్త కూడ ఉమ్మడి సొత్తే యగుట నివాసుల చేతిలోనున్నది.