గార్చింగ్ తాళంచెవులు

1977–78లో మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఫ్రీడ్రిష్ బావర్ రహస్యలిపి శాస్త్రం బోధించడం మొదలుపెట్టారు. పాఠాల పట్టికలో మాత్రం ఆ పేరు కనబడనివ్వలేదు. ‘సమాచార సిద్ధాంతంలో ప్రత్యేక సమస్యలు’ అని రాయించారు. అప్పట్లో ఆ విద్య సైన్యానిదీ గూఢచారులదీ. ప్రభుత్వం తరఫున ఎవరైనా వచ్చి అడ్డుపడతారేమోనని ఎదురుచూశారు, ఎవరూ రాలేదు. 1981లో అసలు పేరుతోనే పాఠం ప్రకటించారు.

మ్యూనిక్‌కు ఉత్తరాన ఉన్న గార్చింగ్‌కు అప్పటికి భద్రత అంటే కంచె, గేటు, కాపలా. 1957 అక్టోబరు 31న జర్మనీలో మొట్టమొదటి అణు రియాక్టర్ పనిచేసింది ఇక్కడే. దాని గుడ్డు ఆకారపు గోపురం ఊరి అధికార చిహ్నంలోకి కూడా ఎక్కింది. కంప్యూటర్‌దీ మొదట్లో ఇదే పద్ధతి. 1962లో బవేరియా శాస్త్ర అకాడమీ నీడన పుట్టి, తర్వాత లైబ్నిట్స్ పేరు పెట్టుకున్న కంప్యూటర్ కేంద్రం మ్యూనిక్ నగరంలోనే చాలాకాలం నడిచింది. యంత్రం ఒక గదిలో ఉండేది. గదికి తాళం వేస్తే సగం పని అయినట్టే.

ఆ తాళం చాలదని మొదట చెప్పింది దొంగలు కాదు, పౌరులు. ప్రపంచంలో తొలి సమాచార రక్షణ చట్టం 1970లో జర్మనీలోని హెస్సెన్ రాష్ట్రంలో వచ్చింది. 1983లో జనాభా లెక్కల మీద పెద్ద ఆందోళన రేగింది. ఆ డిసెంబరు 15న రాజ్యాంగ న్యాయస్థానం, తన వివరాలు ఎవరి చేతికి పోవాలో నిర్ణయించుకునే హక్కు మనిషిదేనని తేల్చింది. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఈ తీర్పే. విద్యార్థి మార్కులూ చిరునామా కాలేజీ ఆస్తి కాదు, కాలేజీకి అప్పగించిన సొమ్ము అన్న భావానికి బలం ఇక్కడే దొరికింది.

దొంగలూ వచ్చారు. 1986లో అమెరికాలోని బర్క్‌లీలో లెక్కల్లో 75 సెంట్లు తేడా వచ్చింది. ఖగోళ శాస్త్రజ్ఞుడు క్లిఫర్డ్ స్టోల్ ఆ దారం పట్టుకుని లాగితే రెండో కొస జర్మనీలోని హానోవర్‌లో తేలింది. ఆ చొరబాటు సాగిన మార్గాల్లో బ్రెమెన్ విశ్వవిద్యాలయం కూడా ఉంది. 1991లో జర్మనీ కేంద్ర ప్రభుత్వ సమాచార భద్రతా సంస్థ, 1993లో హాంబర్గ్‌లో విద్యాసంస్థల అత్యవసర బృందం ఏర్పడ్డాయి.

గార్చింగ్‌కు మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయపు కంప్యూటర్ విభాగం 2002లో, లైబ్నిట్స్ కేంద్రం 2006లో తరలివచ్చాయి. మ్యూనిక్ ప్రాంతంలోని విద్యాసంస్థల కంప్యూటర్ వల ఆ కేంద్రం చేతిలోనే ఉంది. వాళ్ళు తయారుచేసుకున్న సెకొమాట్ అనే ఏర్పాటు నాకు బాగా నచ్చింది. హాస్టల్లో ఎవరి కంప్యూటరైనా వైరస్ సోకినట్టు ప్రవర్తిస్తే అది దాన్ని నెమ్మదింపజేసేది, మితిమీరితే ఆపేసేది. ఎందుకు ఆపిందో ఆ విద్యార్థి తెరమీదే చెప్పేది; తీరు మారితే తానే వదిలిపెట్టేది.

తర్వాత చట్టాలు వరుసకట్టాయి. 2015లో బవేరియా ఈ-పాలన చట్టం ప్రభుత్వ సంస్థలకు భద్రతా ప్రణాళిక తప్పనిసరి చేసింది. 2017లో న్యూరెంబర్గ్‌లో రాష్ట్ర భద్రతా కార్యాలయం తెరిచారు. 2018 మే 25 నుంచి ఐరోపా సమాచార రక్షణ నియమం అమల్లోకి వచ్చింది. వ్యక్తిగత వివరాలు బయటపడి జనానికి ముప్పు ఉంటే 72 గంటల్లో పర్యవేక్షణాధికారికి చెప్పాలి. 2019లో లైబ్నిట్స్ కేంద్రం అంతర్జాతీయ భద్రతా ప్రమాణపత్రం సాధించింది.

అదే ఏడాది డిసెంబరులో గీసెన్ విశ్వవిద్యాలయం వైరస్ దెబ్బకు తన వలనంతా ఆపేసుకుంది. దాదాపు 38,000 మంది గుర్తింపు కార్డు చేతబట్టుకుని వరుసలో నిలబడి, కాగితం మీద అచ్చేసిన కొత్త పాస్‌వర్డ్ తీసుకెళ్ళారు.

ఇక 2020 మే. కరోనా పరిశోధనకు సూపర్ కంప్యూటర్ల గంటలు కావలసివచ్చిన సమయం. ఎడిన్‌బరో, స్టుట్‌గార్ట్, యూలిష్, గార్చింగ్... కంప్యూటర్ కేంద్రాలు దాడుల వల్ల ఒకదాని వెంట ఒకటి తలుపులు మూసుకున్నాయి. ప్రమాణపత్రం అందిన మరుసటి ఏడే గార్చింగ్ కూడా తన మహాయంత్రం సూపర్‌మక్-ఎన్‌జీని బయటి ప్రపంచం నుంచి విడదీయవలసివచ్చింది. దొంగలు గోడ పగలగొట్టలేదు. పరిశోధకుల లాగిన్ తాళంచెవులు కాజేసి, ఒక కేంద్రం నుంచి మరోదానికి అసలు మనుషుల్లాగే నడిచి వెళ్ళారు. దాడికి గురైన యంత్రాల్లో వాళ్ళ ఫైళ్ళు అక్షరాల ఫాంట్లుండే ఫోల్డర్లో నక్కి కనిపించాయి. ఆ ఫోల్డర్ ఎవరు తెరిచి చూస్తారు? ఏ కేంద్రం ఎంత పకడ్బందీగా ఉన్నా, ఎక్కడో ఒక పరిశోధకుడు రహస్యపదం లేకుండా దాచిన తాళంచెవి అందరి తలుపూ తీసేస్తుంది.

మన దగ్గర 2022 ఏప్రిల్లో కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్, ఐరోపా 72 గంటలకన్నా కఠినమైన గడువు పెట్టింది. దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లో నివేదించాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. గడువు లెక్క మొదలయ్యేది తెలిసిన క్షణం నుంచి. ల్యాబ్ బోర్డు మీదే పాస్‌వర్డ్ రాసి ఉన్న కాలేజీని నేను చూశాను. గార్చింగ్‌లో వలను రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండడానికి ఒక కేంద్రమే ఉంది. మన జిల్లా ప్రభుత్వ కాలేజీలో ఆ పని పాఠాలు చెప్పే అధ్యాపకుడి మీదే పడుతుంది, అదనపు బాధ్యతగా. సంక్రాంతి సెలవుల్లో సర్వర్ గదిలో ఏదో కదిలితే, ఆ 6 గంటలు మొదలయ్యాయని ఆయనకు ఎవరు చెబుతారు?